పల్సార్ వెలుగు – దీపస్తంభపు పోలిక

పల్సార్‌ను గురించి వ్రాసిన ఏ పుస్తకం తెరిచినా, ఏ పాఠం విన్నా ఎదురయ్యే ఉపమానం ఒక్కటే: తిరిగే దీపస్తంభం. సముద్రపు ఒడ్డున దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాని కిరణం చుట్టూ తిరుగుతూ ఓడవైపు వచ్చినప్పుడు మాత్రమే ఓడలోని వారికి తళుక్కుమంటుంది. పల్సార్ కూడా అట్లాగే గిరగిర తిరిగే న్యూట్రాన్ నక్షత్రమని, దాని కిరణం భూమిని తాకుతూ పోయినప్పుడల్లా ఒక స్పందన అందుతుందని చెప్పి పాఠం ముగిస్తారు. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపాన్ని చూచిన విద్యార్థికి ఇది వెంటనే పట్టుబడుతుంది. అంత సులువుగా పట్టుబడడమే ఈ ఉపమానానికి బలం; దాని లోపం కూడా అక్కడే ఉన్నది.

ఉపమాలంకారానికి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలున్నవని తెలుగు వాచకంలో చదువుకొంటారు. ఇక్కడ ఉపమేయం పల్సార్, ఉపమానం దీపస్తంభం. మరి సమానధర్మం ఏది? సైన్సు తరగతిలో సామాన్యంగా ఎవరూ అడగని ప్రశ్న ఇదే. ముఖం చంద్రునివలె ఉన్నదని కవి అంటే, చంద్రునిలోని మచ్చ ముఖంలో ఎక్కడ అని ఎవరూ వెదకరు, వెదికితే రసభంగం. సైన్సులో మాత్రం వెదకి తీరాలి. వెదకకపోతే విద్యార్థి ఉపమానంలోని ధర్మాలన్నిటినీ ఉపమేయానికి అంటగడతాడు. దీపస్తంభంలో దీపం ఉన్నది గనుక నక్షత్రంలోనూ ఒక దీపం ఉన్నదనుకొంటాడు. పల్సార్ల నుంచి వచ్చే రేడియో తరంగాల సంగతి అటుంచి, కంటికి అందే మామూలు కాంతి సంగతి తీసుకొన్నప్పుడు ఈ అపోహ ఎంత దూరం పోతుందో స్పష్టమవుతుంది.

అయితే ఆ పోలిక ఊరికే పుట్టలేదు. 1967 నవంబరు 28న కేంబ్రిడ్జిలో జోస్లిన్ బెల్ నమోదు చేసిన రేడియో స్పందనలు 1.337 సెకనులకు ఒకటి చొప్పున తప్పకుండా వస్తూ ఉండినవి. ఏదో ఒక నక్షత్రం గుండెవలె ముడుచుకొంటూ విచ్చుకొంటూ ఉన్నదేమో అన్నది మొదటి ఊహ. అది కంపనం కాదు, భ్రమణం అని 1968లో థామస్ గోల్డ్ వాదించాడు. భ్రమణమే అయితే ఇంకా వేగంగా తిరిగే పల్సార్లు దొరకాలి. అవి క్రమంగా నెమ్మదించాలి కూడా అన్నాడు. ఆ ఏడాది చివరనే వృషభ రాశిలోని పీత నీహారికలో, అంటే క్రాబ్ నెబ్యులాలో, సెకనుకు 30 సార్లు స్పందించే పల్సార్ దొరికింది. దాని ఆవర్తన కాలం రోజుకు సుమారు 36 నానోసెకన్లు పెరుగుతున్నదని వెంటనే తేలింది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. 1969లో 33.1 మిల్లీసెకన్లు ఉన్న ఆవర్తన కాలం 2020 నాటికి సుమారు 33.8కి చేరింది.

సెకనుకు 30 చుట్లు తిరిగే వస్తువు చెదిరిపోకుండా ఉండాలంటే దాని ఉపరితలం మీది గురుత్వాకర్షణ అపకేంద్ర బలాన్ని మించి ఉండాలి. ఈ నియమం నుంచి సాంద్రతను లెక్కకట్టడం పదో తరగతి విద్యార్థికి కొంచెం కష్టమైనా ఇంటర్మీడియటు విద్యార్థికి కష్టం కాదు. ఘన సెంటీమీటరుకు లక్ష టన్నులకు తగ్గరాదని వస్తుంది. మామూలు శ్వేత కుబ్జ తారలో అది ఒక టన్ను ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి ఇది శ్వేత కుబ్జం కాజాలదు. బాడే, జ్వికీ అనే శాస్త్రజ్ఞులు న్యూట్రాన్ కణం దొరికిన రెండేళ్ళలోపే, అంటే 1930ల మొదట్లోనే, ఊహించి పెట్టిన న్యూట్రాన్ నక్షత్రం ఒక్కటే మిగులుతుంది. ఇంతవరకు దీపస్తంభపు పోలిక చేసిన మేలు కాదనలేనిది: స్పందన ఎక్కడో కాంతి ఆరి వెలగడం వల్ల కాదు, ఏదో తిరగడం వల్ల వస్తుందని అది చెప్పింది. సమానధర్మం తిరగడం. అంతే.

ఆ నీహారిక 1054లో చైనా జ్యోతిష్కులు అతిథి నక్షత్రమని వ్రాసి పెట్టుకొన్న సూపర్నోవా మిగిల్చిన మేఘం. ఆ నక్షత్రం అప్పట్లో 23 రోజులపాటు పట్టపగలే కనిపించింది. మేఘం నడుమ పక్కపక్కన రెండు మసక నక్షత్రాలున్నవి. వాటిలో ఒకటే ఆ పేలుడు శేషమని 1942లో బాడే, మింకోవ్‌స్కీ అనుమానించారు. ఆ నక్షత్రపు వర్ణపటంలో మామూలు నక్షత్రాలకు ఉండే నల్లని గీతలు ఏవీ లేకపోవడం వారి అనుమానానికి ఒక కారణం. కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కన్నా అది సుమారు 15 వేల రెట్లు మసక. అయినా పెద్ద దూరదర్శినులకు అదేమంత కష్టం కాదు. 27 ఏళ్ళపాటు ఎందరో దానికి ఛాయాచిత్రాలు తీస్తూనే వచ్చారు. సెకనుకు 30 సార్లు అది మిణుకుతున్నదని ఒక్కరికీ తెలియలేదు. ఛాయాచిత్రపు పలక నిమిషాలు, గంటలు కాంతిని పోగుచేసుకొంటుంది గాని, ఎప్పుడు వచ్చిన కాంతి ఏదో చెప్పదు.

1969 జనవరి 15 రాత్రి అమెరికాలోని అరిజోనాలో, కిట్ పీక్ కొండమీద, స్టీవార్డ్ వేధశాలవారి 36 అంగుళాల దూరదర్శినితో ఆ మిణుకు బయటపడింది. జాన్ కాక్, మైకేల్ డిస్నీ, డొనాల్డ్ టేలర్ అనే ముగ్గురి పేర్లతో ఆ వార్త ఫిబ్రవరి 8 నాటి ‘నేచర్’ పత్రికలో వెలువడింది. వారి పద్ధతి సామాన్యమైనదే గాని, తరగతిలో దీపస్తంభం మీద ఖర్చయ్యే కాలంలో సగమైనా దీనికి దక్కడం లేదు. ఒక వరుసలో కొన్ని వందల చిన్న అరలున్నవనుకోవాలి. నక్షత్రం నుంచి వచ్చే కాంతి కణాలను మొదటి క్షణంలోవి మొదటి అరలో, తరువాతవి రెండో అరలో, ఇట్లా వేసుకొంటూ పోయి, సరిగ్గా 33 మిల్లీసెకన్ల ఆవర్తన కాలం పూర్తికాగానే మళ్ళీ మొదటి అరకు రావాలి. ఆకాశపు వెలుతురు, నీహారిక వెలుతురు అన్ని అరల్లో సమంగా పడతాయి. నక్షత్రపు స్పందన మాత్రం ప్రతి చుట్టులోను అవే అరల్లో పడుతుంది. కొన్ని నిమిషాలు గడిచేసరికి ఆ అరలు మిగిలినవాటి కన్నా ఎత్తుగా లేచి కనిపిస్తాయి. ఆ రాత్రి కొండమీద తెర పైన అట్లా మెల్లగా ఒక శిఖరం లేచింది; దానికి కొంత ఎడంగా మరొక చిన్న శిఖరం లేచింది. పక్కన టేపు రికార్డరు నడుస్తూ ఉండినందువల్ల అప్పటి వారి మాటలు, నమ్మలేక మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవడం అన్నీ నిలిచిపోయినవి. దూరదర్శినిని పక్కకు జరిపితే శిఖరం పోయింది. తిరిగి తెస్తే వచ్చింది. రుజువు అంటే అది.

ఇక దీపం ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నకు రావాలి. దీపస్తంభంలో అది గోపురపు నడినెత్తిన ఉంటుంది. పాఠ్యపుస్తకాల బొమ్మలలోను నక్షత్రపు రెండు ధ్రువాల నుంచి రెండు కిరణాలు నేరుగా బయటికి వస్తున్నట్లు గీస్తారు. పీత నీహారిక దూరం సుమారు 6,500 కాంతి సంవత్సరాలు. దారిలోని ధూళి అడ్డును కూడా లెక్కవేస్తే, ఆ పల్సార్ మామూలు కాంతిలో సూర్యునికన్నా కొద్ది రెట్లు ఎక్కువగా వెలుగుతున్నదని వస్తుంది. కాని దాని వ్యాసార్ధం పది పన్నెండు కిలోమీటర్లే. సూర్యునిది ఏడు లక్షలు. అంత చిన్న గోళం ఉపరితలం వేడెక్కడం వల్లనే అంత కాంతి రావాలంటే దాని వేడి లక్ష కోట్ల డిగ్రీలను మించాలి. ఎక్స్ కిరణాల పరిశీలనలు ఆ ఉపరితలం వేడి ఇరవై లక్షల డిగ్రీలకు మించదని చెబుతున్నవి. కనుక ఈ కాంతి నక్షత్రపు ఒంటిమీదిది కాదు. గోపురం మీద దీపమే లేదు!

కాంతి వచ్చేది నక్షత్రం చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రపు వెలుపలి భాగాల నుంచి. నక్షత్రంతోపాటు తిరిగే క్షేత్రం నక్షత్రానికి దూరంగా పోయినకొద్దీ వేగంగా తిరగవలసి ఉంటుంది. పీత నీహారిక పల్సార్‌కు సుమారు 1,600 కిలోమీటర్ల దూరంలో ఆ వేగం కాంతి వేగాన్ని అందుకొంటుంది. ఆ హద్దుకు ఇవతలనో, కొంచెం అవతలనో, కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తే ఎలక్ట్రానులు, పాజిట్రానులు అయస్కాంత క్షేత్రంలో వంపు తిరుగుతూ ఈ వెలుగును వెదజల్లుతున్నవి. హద్దుకు ఇవతలనా, అవతలనా అన్న వాదం పండితుల మధ్య ఇంకా తెగలేదు. ఆ కాంతి ధ్రువణం చెందినదని, ఒక్క స్పందన సాగే కొద్ది మిల్లీసెకన్లలోనే ధ్రువణ దిశ గిర్రున మారుతుందని 1969లోనే కొలిచారు. వేడి ఉపరితలపు కాంతి అట్లా ఉండదు. పైగా కాంతి స్పందన, రేడియో స్పందన సరిగ్గా ఒకేసారి రావు. కాంతి శిఖరం రేడియో శిఖరం కన్నా సుమారు 200 నుంచి 250 మైక్రోసెకన్లు ముందు వస్తుంది. ఆ వ్యవధిలో కాంతి 60, 70 కిలోమీటర్లు పోతుంది; అది నక్షత్రపు వ్యాసానికి రెండు మూడు రెట్లు. ఒకే దీపమైతే ఇట్లా ఎందుకు ఉండాలి? అట్లాగని రెండింటికి సంబంధమే లేదనడానికీ వీలు లేదు: రేడియోలో అప్పుడప్పుడు వచ్చే మహాస్పందనల సమయంలో కాంతి కూడా సుమారు 3 శాతం పెరుగుతున్నదని 2003లో ప్రకటించారు.

దీపం చోటు తప్పడం ఒక ఎత్తు. దాని నూనె లెక్క తప్పడం మరొక ఎత్తు. ఉపాధ్యాయుడు ఎక్కువ జాగ్రత్తపడవలసినది ఈ రెండోదాని విషయంలోనే. దీపస్తంభంలో దీపానికి ఒక ఇంధనం, తిప్పే యంత్రానికి మరొకటి. యంత్రం చెడిపోతే దీపం తిరగడం మానుతుంది గాని ఆరిపోదు. పల్సార్ విషయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ తిరగడమే నూనె. తిరగడం ఆగితే వెలుగు లేదు.

దీనికి సరైన ఉపమానం సముద్రం ఒడ్డున కాదు, వీధిలోనే దొరుకుతుంది: సైకిలు డైనమో. చిన్న అయస్కాంతం చక్రంతోపాటు తిరుగుతుంది, విద్యుత్తు పుడుతుంది, దీపం వెలుగుతుంది. వెలిగేది అయస్కాంతం కాదు, దానికి ఎడంగా ముందువైపు ఉన్న బల్బు. వేగంగా తొక్కితే వెలుగు పెరుగుతుంది, మెల్లగా తొక్కితే మసకబారుతుంది, ఆపితే ఆరిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది, డైనమోను టైరుకు ఆనించగానే తొక్కడం బరువవుతుందని సైకిలు తొక్కిన ప్రతివానికి కాళ్ళకు తెలుసు. వెలుగుకు కావలసిన శక్తి ఆ కాళ్ళనుంచే పోతున్నది. పల్సార్ ఆవర్తన కాలం రోజుకు 36 నానోసెకన్లు పెరగడం అచ్చంగా ఆ బరువే. తొక్కేవాడు లేని సైకిలు గనుక అది నెమ్మదిస్తూ పోతున్నది. అట్లా పోగొట్టుకొనే శక్తి సూర్యుడు వెదజల్లే శక్తికి లక్ష రెట్లకు పైమాట. ఆ మేఘమంతా వెలుగుతున్నది దానితోనే. అందులో మామూలు కాంతి స్పందనలుగా కనిపించేది లక్షలో కొద్ది వంతులు మాత్రమే. డైనమో పోలికకూ లోపాలు లేకపోలేదు. నక్షత్రం చుట్టూ తీగలు లేవు, బల్బూ లేదు. విద్యుదావేశం గల కణాలే ఆ రెండు పనులూ చేయాలి. సైకిలు దీపం చుట్టూ తిరగదు కూడా. కాని దీపస్తంభం ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో సరిగ్గా అక్కడ ఇది దారి చూపుతుంది.

ఏ ఉపమానం మంచిదో తేల్చడానికి వేలా పల్సార్ చక్కని పరీక్ష. దాని కాంతి స్పందనలను 1977లో ఆస్ట్రేలియాలోని ఆంగ్లో–ఆస్ట్రేలియన్ దూరదర్శినితో పట్టుకొన్నారు. దాని దూరం సుమారు 950 కాంతి సంవత్సరాలు, అంటే పీత నీహారిక దూరంలో ఏడో వంతు. దీపస్తంభాలన్నీ ఒక్క తీరువైతే దగ్గరిది దాదాపు 50 రెట్లు కాంతివంతంగా కనిపించాలి. నిజానికి అది సుమారు 700 రెట్లు మసకగా ఉన్నది! దూరాన్ని కూడా లెక్కవేస్తే, ధూళి సంగతి విడిచిపెట్టినా, అసలు వెలుగులో తేడా 30 వేల రెట్లకు పైన. భ్రమణ కాలాలలో తేడా ఎంత? ఇది 89 మిల్లీసెకన్లు, అది 33. మూడు రెట్లు కూడా లేదు. ఆవర్తన కాలం పెరిగినకొద్దీ కాంతి పదో ఘాతంలో తగ్గిపోవాలని 1971లో ఫ్రాంకో పచీనీ చేసిన లెక్క ప్రకారం 15, 20 వేల రెట్ల తేడా రావాలి. ఇంత స్థూలమైన లెక్కకు అది ఆశ్చర్యపడవలసిన దగ్గరితనం. ముసలి పల్సార్ల దగ్గర ఆ సూత్రం అంత బాగా పనిచేయలేదన్నదీ నిజమే. అవి సూత్రం చెప్పినదానికన్నా ఎక్కువగా వెలుగుతున్నవి. ఏది ఏమైనా మెల్లగా తిరిగితే దీపం ఎందుకు చీకటిపడాలో దీపస్తంభపు పోలిక చెప్పలేదు. రేడియోలో వేల సంఖ్యలో పల్సార్లు దొరికితే, మామూలు కాంతిలో స్పందించేవి వేళ్ళమీద లెక్కించదగినన్నే ఎందుకున్నవో కూడా చెప్పలేదు. వేలా పల్సార్‌కు రేడియోలో ఒక శిఖరం, కాంతిలో రెండు; అవి ఏవీ ఒకదానికొకటి సరిపడవు.

బొమ్మల విషయం కూడా చెప్పుకోవాలి. 1969 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో, టెలివిజన్ కెమెరా ముందు చిల్లులు గల పళ్ళెం ఒకటి తిప్పి, పీత నీహారిక పల్సార్‌ను వెలిగినప్పుడు ఒకసారి, ఆరినప్పుడు ఒకసారి చిత్రించారు. తిరిగే పంకా రెక్కలు మిణికే వెలుతురులో నిలిచిపోయినట్లు కనిపించే కిటుకే ఇది. ఆ జంట చిత్రాలు ఎన్నో పుస్తకాలకు ఎక్కినవి, ఎక్కదగినవే. ఒక చిత్రంలో నక్షత్రం ఉన్నది, రెండోదానిలో లేదు; ఇంతకంటె చక్కని నాటకీయత ఖగోళశాస్త్రంలో అరుదు. కాని ఆ నాటకం చూచి నక్షత్రం మధ్యలో పూర్తిగా ఆరిపోతున్నదని అనుకోరాదు. స్పందనల నడుమ కూడా ఒకటి రెండు శాతం వెలుగు మిగిలే ఉంటుంది. రెండు శిఖరాల మధ్య ఎడం కూడా సరిగ్గా సగం చుట్టు కాదు, సుమారు పదింట నాలుగు వంతులు. ఎదురెదురుగా రెండు కిరణాలు గీసే బొమ్మ ఇక్కడ కూడా పొసగదు.

న్యూట్రాన్ నక్షత్రపు ఒంటి వెలుగు అసలే కనిపించదా? కనిపిస్తుంది, కాని దానికి దీపస్తంభంతో సంబంధం లేదు. సుమారు 400 కాంతి సంవత్సరాల దూరంలో ఆర్ ఎక్స్ జె 1856 అనే న్యూట్రాన్ నక్షత్రం 1996లో ఎక్స్ కిరణాలలో దొరికింది. మరుసటి ఏడు హబుల్ దూరదర్శిని దాన్ని మామూలు కాంతిలో పట్టుకొన్నది. పీత నీహారిక పల్సార్ కన్నా వేల రెట్లు మసక. దాని ఉపరితలం వేడి ఏడు లక్షల డిగ్రీల ప్రాంతం. అది కొలిమిలో కాల్చి తీసిన ఇనుపగుండు వలె ఊరికే చల్లారుతూ వెలుగుతున్నది. కాంతిలో స్పందన లేదు. పల్సార్ పాఠంలో దీనికి చోటు ఇవ్వకపోతే న్యూట్రాన్ నక్షత్రాలన్నీ మిణుకుతాయన్న తప్పు అభిప్రాయం మిగిలిపోతుంది.

దీనికి తోడు, మిణికేదంతా పల్సారేనన్న తొందరపాటు కూడా ఉన్నది. 1987లో పేలిన సూపర్నోవా నడుమ పల్సార్ కోసం అందరూ ఎదురుచూస్తూ ఉండగా, 1989 జనవరిలో చిలీలోని సెర్రో టొలోలో నుంచి పరిశీలించినవారికి సెకనుకు 1,968.6 సార్లు మిణికే కాంతి కనిపించింది. ‘నేచర్’లో అచ్చయింది. అంత వేగంగా తిరిగే నక్షత్రం ఎట్లా నిలవగలదో వివరిస్తూ ఎన్నో వ్యాసాలు వెలువడినవి. మరుసటి సంవత్సరం తేలిందేమంటే, ఆ మిణుకు దూరదర్శినిని గురి పెట్టడానికి వాడే టెలివిజన్ కెమెరా విద్యుత్ పరికరాలదని. కనుగొన్నవారే ఆ సంగతి ప్రకటించారు. కిట్ పీక్ శిఖరానికీ దీనికీ తేడా ఎక్కడ ఉన్నది? అక్కడ రేడియోవారు ముందే కొలిచిన ఆవర్తన కాలం ఉన్నది, అదే కాలంతో కాంతి వచ్చింది. కొద్ది రోజులలోనే ఇతర దూరదర్శినులతో ఇతరులు చూచారు. చిలీ మిణుకుకు అటువంటి సాక్షులు లేరు. అది కనిపించినది ఒకే ఒక్క రాత్రి. ఆ సూపర్నోవా నడుమ న్యూట్రాన్ నక్షత్రం ఉన్నదనడానికి బలమైన ఆధారం 2024లో జేమ్స్ వెబ్ దూరదర్శిని వల్ల ప్రకటితమైనది. అది స్పందన కాదు. చుట్టూ ఉన్న ఆర్గాన్ వాయువు అయనీకరణం చెందినట్లు చూపే వర్ణపట రేఖలు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే ఉదాహరణ 2017లో వచ్చింది. జె 1023+0038 అనే పల్సార్ 1.69 మిల్లీసెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. దానికి ఒక సహచర నక్షత్రం ఉన్నది. 2013 నడుమ సహచరం నుంచి రాలిన వాయువు దాని చుట్టూ పళ్ళెంలా పేరుకొన్నది. అప్పటితో రేడియో స్పందనలు కనిపించకుండా పోయినవి. తరువాత కానరీ దీవులలోని లా పాల్మాలో, ఇటలీవారి గెలీలియో దూరదర్శినితో చూచినప్పుడు మామూలు కాంతిలో అదే 1.69 మిల్లీసెకన్ల స్పందనలు దొరికినవి. వాయువు నక్షత్రం మీద పడి వెలగడం వల్ల అంత కాంతి రాదు. ఒంటరి పల్సార్లలో తిరుగుడు శక్తి కాంతిగా మారే పాలు చూస్తే, ఆ పాలు కూడా దీనికి చాలదు. పల్సార్ నుంచి వీచే కణాల గాలి ఆ వాయు పళ్ళెపు లోపలి అంచును ఢీకొనే చోట, నక్షత్రం నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ఈ వెలుగు పుడుతున్నదని 2019లో ఒక వివరణ ప్రతిపాదించారు. అదే నిజమైతే అక్కడ దీపం గోపురం మీదా లేదు, గోపురం చుట్టూ ఉన్న క్షేత్రంలోనూ లేదు. ఒడ్డున విరిగే అలల మీద ఉన్నది.